ఒకే ఆస్తికి ఇద్దరు హక్కుదారులు వస్తే ఏ దారి ఎంచుకోవాలి?

తిరుపతి గాంధీ రోడ్డులో మీకో అద్దె షాపు ఉందనుకుందాం. నెలనెలా అద్దె తీసుకునే యజమాని చనిపోయారు. కర్మ ముగిసిన నాలుగు రోజులకే పెద్ద కొడుకు వచ్చి, "ఇకమీదట అద్దె నాకే ఇవ్వన్నా" అన్నాడు. ఆ వెంటనే కూతురి తరఫు లాయరు నుంచి నోటీసు వచ్చింది. షాపు వీలునామా ద్వారా తనకు దక్కిందని, అద్దె ఇంకెవరికి ఇచ్చినా మళ్లీ తనకు కట్టాల్సిందేనని అందులో ఉంది. మీరు ఎవరి సొమ్మూ తినలేదు. అద్దె ఇవ్వనని అనడమూ లేదు. అయినా ఇద్దరి మధ్య ఇరుక్కున్నారు.

ఇంకో ఇంటి పరిస్థితి వేరు. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కోసం చిత్తూరు జిల్లాలో వాళ్ల పొలం పోయింది. పాస్‌బుక్ అన్న పేరున ఉంది కాబట్టి పరిహారం నోటీసు అన్నకే వచ్చింది. తమ్ముడు, చెల్లెలు మాకూ భాగం ఉందంటున్నారు. మరో ఇంట్లో, చనిపోయిన తండ్రి ఫిక్సెడ్ డిపాజిట్‌కు నామినీ చిన్నాయన. వారసులేమో భార్యాబిడ్డలు.

వీటన్నిటినీ మనం ఆస్తి తగాదా అని ఒకే మాటతో పిలుస్తాం. కేసు వేయాలా, పెద్దమనుషుల్లో తేల్చుకోవాలా అని ఒకటే ప్రశ్న అడుగుతాం. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీకు ఏ జవాబు కావాలి? డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలనా, ఆస్తి అసలు ఎవరిదనా, తేలేదాకా ఎవరి అనుభవంలో ఉండాలనా? చట్టంలో వీటికి వేర్వేరు చోట్లు ఉన్నాయి. ఒకచోట దొరికిన కాగితం ఇంకోచోట చెల్లదు. మన దగ్గర చాలా కుటుంబాలు ఏళ్ల తరబడి నష్టపోయేది ఈ తేడా తెలియకే.

డబ్బు మీ దగ్గర ఉండి, ఎవరికివ్వాలో తెలియనప్పుడు

మొదట ఆ షాపు విషయం చూద్దాం. చాలామంది చేసే పని ఏమిటంటే, వాళ్లిద్దరూ తేల్చుకునేదాకా అద్దె ఆపేయడం. అన్నిటికంటే ప్రమాదమైన దారి ఇదే. రేపు ఎవరు యజమాని అని తేలినా, మీరు అద్దె బకాయి పడ్డ కిరాయిదారు అవుతారు. ఖాళీ చేయించడానికి వాళ్లకు మీరే కారణం ఇచ్చినట్టు. నోటీసు రాకముందు, మంచి నమ్మకంతో పాత యజమాని మనిషికి ఇచ్చిన అద్దెకు ఆస్తి బదిలీ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. నోటీసు చేతికి వచ్చాక ఆ మాట చెప్పుకోవడం కష్టం.

రెండో పద్ధతి, గట్టిగా అడిగేవారికి అద్దె ఇచ్చి వాళ్ల దగ్గర ఇండెమ్నిటీ బాండు (తర్వాత నష్టం వస్తే భరిస్తామన్న హామీ పత్రం) రాయించుకోవడం. బాండు రాసిచ్చేవాడికి ఆస్తిపాస్తులు ఉంటే ఆ బాండుకు విలువ ఉంది. లేకపోతే అది కాగితమే. చిన్న మొత్తమైతే సరే గానీ, పెద్ద అడ్వాన్సులకు దీన్ని నమ్ముకోమని నేను చెప్పను.

ఇద్దరూ ఒప్పుకుంటే, తేలేదాకా అద్దెను ఫలానా బ్యాంకు ఖాతాలో వేయమని ఇద్దరి సంతకాలతో ఒక ఉత్తరం తీసుకోవడం అన్నిటికంటే చవకైన పరిష్కారం. సగానికి సగం తగాదాల్లో ఈ మాట అడిగేవారే ఉండరు. అడిగి చూడండి. ఒప్పుకోకపోతే, అద్దె చట్టం కింద సంబంధిత అధికారి దగ్గర అద్దె జమ చేసే దారి మీ కేసుకు వర్తిస్తుందేమో లాయరును అడగండి. నెలవారీ అద్దెకు అది దావా కన్నా తేలిక.

ఏదీ కుదరనప్పుడు, లేదా మొత్తం పెద్దదైనప్పుడు ఇంటర్‌ప్లీడర్ దావా ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 88వ సెక్షన్, 35వ ఆర్డర్ దీని గురించే. మన ప్రాంతంలో దీన్ని వాడేవారు తక్కువ. ఇందులో వాది ఏమీ అడగడు. "ఈ సొమ్ము నాది కాదు, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, వీళ్లిద్దరిలో ఎవరికివ్వాలో కోర్టే చెప్పాలి" అంటాడు. హక్కు చెప్పుకునే ఇద్దరూ ప్రతివాదులవుతారు. కోర్టు డబ్బును జమ చేయమనవచ్చు. మొదటి విచారణలోనే వాదిని బాధ్యత నుంచి విడుదల చేసి, ఖర్చులు ఇప్పించి, దావా నుంచి పంపేయవచ్చు. ఆ తర్వాత పోరాటం వాళ్లిద్దరిదే. వాయిదాలకు తిరిగే పని మీకు ఉండదు. మీ ఖర్చులకు ఆ సొమ్ము మీదే హక్కు కల్పించే అధికారం కూడా కోర్టుకు ఉంది.

దీనికి షరతులు గట్టిగానే ఉంటాయి. ఖర్చులు తప్ప ఆ సొమ్ము మీద మీకు ఏ హక్కూ ఉండకూడదు. ఇద్దరిలో ఎవరితోనూ మీరు లోపాయకారీగా కలిసి ఉండకూడదు. అందరి హక్కులూ తేలే దావా ఇప్పటికే నడుస్తుంటే ఇది వేయడం కుదరదు, అందులోనే చేరాలి. షాపు రిపేరుకు పెట్టిన ఖర్చు అడ్వాన్సులో పట్టుకుంటానని మీరు అంటే, మీకూ ఒక క్లెయిం ఉన్నట్టే. అప్పుడు ఈ దారి మూసుకుపోతుంది.

కిరాయిదారులకు ఇంకో చిక్కు ఉంది. తన యజమాని మీద కిరాయిదారు, తన యజమాని మీద ఏజెంటు ఇంటర్‌ప్లీడర్ దావా వేయకూడదని ఐదో రూలు. బయటివాడు ఎవడో వచ్చి "ఆ షాపు మీ యజమానిది కాదు, నాది" అంటే, ఆ కారణంతో మీరు యజమానిని ప్రతివాదిగా చేసి ఈ దావా వేయలేరు. అదే ఇద్దరూ ఆ యజమాని నుంచే తమకు హక్కు వచ్చిందని చెబితే మినహాయింపు ఉంది. మన ఉదాహరణలో కొడుకు వారసుడిగా, కూతురు వీలునామాతో వచ్చారు. ఇద్దరి హక్కూ చనిపోయిన యజమాని నుంచే. కాబట్టి దావా నిలుస్తుంది. ఈ ఒక్క తేడా చూడకుండా వేసిన దావాను మొదట్లోనే కొట్టేస్తారు.

స్థలం బేరంలో అడ్వాన్సు పట్టుకున్న మధ్యవర్తులకు, ఊళ్లో నమ్మకంతో ఇద్దరి సొమ్మూ దాచిన పెద్దమనుషులకు కూడా ఈ దావా పనికొస్తుంది. బీమా కంపెనీలకైతే చట్టంలోనే వేరే దారి ఉంది. పాలసీ సొమ్ముకు పోటీ క్లెయిములు వస్తే డబ్బును కోర్టులో జమ చేసి తప్పుకోవచ్చు.

డబ్బు బ్యాంకులో ఉండి, మీరు హక్కుదారులైనప్పుడు

నామినీ అంటే వారసుడు అన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. బీమా విషయంలో 1983లోనే సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. నామినీ సొమ్ము తీసుకోవచ్చు గానీ, అది వారసత్వ చట్టం ప్రకారం ఎవరికి చెందాలో వారికే చెందుతుంది. బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లో, షేర్ల విషయంలో 2023లో అదే కోర్టు అదే దారిలో నడిచింది. బీమా చట్టాన్ని 2015లో సవరించి భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నామినీలైతే సొమ్ము వారికే చెందుతుందని రాశారు. ఆ మాటకు అర్థం చెప్పడంలో హైకోర్టులు ఒక్క తాటి మీద లేవు. బీమా సొమ్ము తగాదా ఉన్నవారు నామినీని చూసి ముందే చేతులెత్తేయొద్దు, ముందే సంబరపడొద్దు.

మొదట్లో చెప్పిన ఇంట్లో చిన్నాయన నామినీ కాబట్టి బ్యాంకు ఆయనకు డబ్బు ఇచ్చేస్తుంది. అప్పుడు భార్యాబిడ్డలు ఏం చేస్తారు? మేనేజరుకు ఒక ఉత్తరం ఇస్తారు, "మాకు తెలియకుండా ఇవ్వకండి" అని. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం ప్రకారం అలాంటి నోటీసును బ్యాంకు లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. కోర్టు ఉత్తర్వు తెస్తేనే ఆగుతుంది. మేనేజరుతో గొడవ పడి లాభం లేదు, ఆయన చేతిలో ఏమీ లేదు. నేరుగా సివిల్ కోర్టులో దావా వేసి, డబ్బు బయటికి పోకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడగాలి. డబ్బు పోయాక వేసే రికవరీ దావా కన్నా ఇది వంద రెట్లు నయం. చిన్నాయన మీద గౌరవం ఉంటే ఆ మాట ఇంట్లో చెప్పుకోవచ్చు. ఇంజంక్షన్ అడగడం ఆయన్ని దొంగ అనడం కాదు.

నామినీయే లేకపోతే సక్సెషన్ సర్టిఫికెట్ (చనిపోయినవారి డబ్బు ఎవరు తీసుకోవచ్చో చెబుతూ కోర్టు ఇచ్చే పత్రం) మాట వస్తుంది. తగాదా లేని కుటుంబాలకు బ్యాంకులు కొంత మొత్తం వరకు కోర్టు పత్రం లేకుండానే ఇస్తాయి. ఒక్క వారసుడు కాదన్నా సర్టిఫికెట్ తెమ్మంటారు. 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద, చనిపోయినవారు నివసించిన చోటి కోర్టులో దీనికి పిటిషన్ వేయాలి. ఇది బాకీలకు, డిపాజిట్లకు, షేర్లకు మాత్రమే. ఇంటికి, పొలానికి ఇది పనికిరాదు. విచారణ క్లుప్తంగా జరుగుతుంది. చిక్కు ప్రశ్నలు లోతుగా తేల్చకుండానే, పైకి ఎవరి హక్కు బలంగా కనిపిస్తే వారికి ఇవ్వవచ్చు. దాన్ని చూసి డబ్బు ఇచ్చిన బ్యాంకుకు పూర్తి రక్షణ. కానీ అదే ప్రశ్నను మరో దావాలో మళ్లీ లేవనెత్తడానికి చట్టం అడ్డు చెప్పదు. సర్టిఫికెట్ వచ్చింది కదా అని డబ్బంతా ఒక్కరే ఖర్చు పెట్టుకుంటే, తర్వాత లెక్క చెప్పాల్సి రావచ్చు.

తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దీనికి బదులు కాదు. కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో అది చెబుతుంది, ఎవరి భాగం ఎంతో చెప్పదు.

మరి సక్సెషన్ సర్టిఫికెట్టా, భాగాలు పంచమని కోరే పార్టిషన్ దావానా? తగాదా డబ్బు గురించే అయితే, వారసులెవరో స్పష్టంగా ఉంటే, సర్టిఫికెట్ చాలు. ఇల్లు, పొలం, డిపాజిట్లు అన్నీ కలిసి ఉంటే, లేదా వీలునామా నకిలీ అన్న మాట ఉంటే, నేరుగా పార్టిషన్ దావాకే వెళ్లమంటాను. ఆలస్యమైనా అది అందరికీ వర్తించే తీర్పు. దావాలో ఉమ్మడి ఆస్తులన్నీ చూపాలి. ఒకటి వదిలేస్తే అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. ఆడపిల్లలను వదిలేసే అలవాటు మానుకోవాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ, 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసు తీర్పు తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు. తండ్రి 2005కు ముందే పోయినా ఆ హక్కు పోదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే దాన్ని తిరగదోడరు. పెళ్లికి బంగారం పెట్టాం కదా అన్న మాట కోర్టులో నిలవదు.

రోడ్డుకు పోయిన భూమి పరిహారం

మన చిత్తూరు, తిరుపతి జిల్లాలు రెండింటిలోనూ రోడ్ల కోసం భూసేకరణ ఎక్కువగా జరిగింది. అన్నదమ్ముల మధ్య, పట్టాదారుకూ సాగుదారుకూ మధ్య, అగ్రిమెంటు మీద కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య పరిహారం తగాదాలు దానితోపాటే వచ్చాయి. ఇక్కడ రెండు ప్రశ్నలు విడివిడిగా ఉన్నాయని గుర్తించాలి. మొత్తం ఎంత అన్నది ఒకటి. ఆ మొత్తం ఎవరెవరికి ఎంతెంత అన్నది ఇంకొకటి.

జాతీయ రహదారి అయితే 1956 నాటి జాతీయ రహదారుల చట్టం వర్తిస్తుంది. రేటు తక్కువైందంటే ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లాలి. పంపకంలో తగాదా అంటే 3హెచ్(4) సెక్షన్ కింద భూసేకరణ అధికారి దాన్ని జిల్లా స్థాయి సివిల్ కోర్టుకు పంపాలి. ఆ అధికారి తానే కూర్చుని పంచేయలేడని సుప్రీంకోర్టు 2023 జులైలో వినోద్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఇతర ప్రాజెక్టులకు 2013 భూసేకరణ చట్టం కింద పంపకం తగాదా ఆ చట్టం ఏర్పరచిన అథారిటీకి వెళ్తుంది, డబ్బు అక్కడ జమ అవుతుంది. ఆ చట్టం కింద రిఫరెన్సు (తగాదాను ఆ అథారిటీకి పంపమని కోరడం) అడగడానికి గడువు చాలా తక్కువ. అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) ప్రకటించినప్పుడు మీరు ఎదురుగా ఉంటే ఆరు వారాలే.

అన్న పేరున డబ్బు వచ్చేసి ఖాతాలో పడబోతోంది. తమ్ముడికి ఏది మంచిది? ఆర్డీఓ ఆఫీసులో నోటిమాటగా చెప్పి రావడం దండగ. తన భాగం ఎందుకు, ఎంత అని రాసి, ఆధారాలు జతచేసి, తగాదాను కోర్టుకు పంపమని అడుగుతూ అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి. రిజిస్టర్ పోస్టులో ఇంకో ప్రతి పంపాలి. డబ్బు చెల్లించక ముందు ఆ అర్జీ అందితేనే పని జరుగుతుంది. "నేను తీసుకుని పంచుతాలే" అన్న మాట నమ్మి సమ్మతి సంతకం పెట్టేముందు, ఎవరికెంత అన్నది అదే సమ్మతి పత్రంలో రాయించి, ఎవరి ఖాతాకు వారి భాగం నేరుగా వేయమని అడగండి. అన్న మంచివాడైతే దీనికి బాధపడడు.

రాజీకి ఎక్కువ అవకాశం ఉన్న తగాదా కూడా ఇదే. పోయిన భూమి తిరిగి రాదు. మిగిలింది అంకె మాత్రమే. అంకెను పంచుకోవడం గట్టును పంచుకోవడం కన్నా తేలిక. తాతల నాటి చింతచెట్టు ఎవరి వాటాకన్న గొడవ ఇక్కడ ఉండదు.

పాస్‌బుక్, పోలీసులు, మఠం భూములు

పాస్‌బుక్, 1బి, అడంగల్ ఎవరి పేరున ఉంటే భూమి వారిదే అనుకుని తహసీల్దారు, ఆర్డీఓ, జాయింట్ కలెక్టర్ అంటూ మెట్లెక్కి దిగేవారు చాలామంది. ఎంట్రీ తప్పుగా పడినప్పుడు, పేరు మార్పుకు ఆ దారి సరైనదే. ఖర్చూ తక్కువ. హక్కు ఎవరిదన్న ప్రశ్న లేచిన మరుక్షణం అక్కడ ఆగి సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా (హక్కు నాదని ప్రకటించమని కోరేది) వేయాలి. ఆ డిక్రీని బట్టి రెవెన్యూ రికార్డు మారుతుంది. రికార్డును బట్టి హక్కు మారదు.

పోలీస్ స్టేషన్‌లో హక్కులు తేలవు. కొట్లాట జరిగే పరిస్థితి ఉంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్ష సంహిత 164వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ జోక్యం చేసుకోవచ్చు. ఆయన చూసేది ప్రస్తుతం ఎవరి అనుభవంలో ఉందన్నదే. అది కూడా కోర్టు తీర్పు వచ్చేదాకే. దొంగతనం కేసులో పట్టుబడ్డ నగలు ఇద్దరూ నావే అంటే మాత్రం ఆ క్రిమినల్ కోర్టులోనే కస్టడీ పిటిషన్ వేయాలి.

తిరుపతిలో స్థలం కొనేవారికి ఒక మాట. భూమి గుడిదా, మఠానిదా, ప్రైవేటుదా అన్న తగాదాను మామూలు సివిల్ కోర్టు కాకుండా 1987 దేవాదాయ చట్టం కింద ట్రిబ్యునల్ చూస్తుంది. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్‌కు ముందే చూసుకోండి.

రాజీ: తెల్లకాగితమా, లోక్ అదాలతా?

రాజీ కుదిరే తగాదాకు రాజీయే ముందు ప్రయత్నించాలని నా గట్టి అభిప్రాయం. అన్నదమ్ముల మధ్య మాట పోతే తర్వాత పెళ్లికీ చావుకీ కూడా కలవరు. అయితే ఏ రాజీ అన్నది ముఖ్యం. రచ్చబండ దగ్గర తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందంతో చాలా ఊళ్లలో సరిపెట్టుకుంటారు. ఇంతకుముందే జరిగిన పంపకాన్ని గుర్తుకోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ కాగితంతోనే భాగాలు ఏర్పడేటట్టు ఉంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. స్థిరాస్తి ఉన్నప్పుడు ఆ గీత మీద నిలబడి ప్రయోగాలు చేయకండి. భాగపరిష్కార పత్రమో హక్కు విడుదల పత్రమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించుకోండి.

దీనితో పోలిస్తే లోక్ అదాలత్ అవార్డుకు బలం ఎక్కువ. 1987 న్యాయ సేవాధికార చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. కోర్టులో ఉన్న కేసు అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కేసు వేయకముందే అర్జీ పెట్టుకోవచ్చు కూడా. దీని బలహీనత ఒకటే. అవతలివారు ఒప్పుకోకపోతే ఏ అవార్డూ రాదు. ఇంకో జాగ్రత్త, వారసులందరూ కూర్చోవాలి. బెంగళూరులో ఉన్న చెల్లెల్ని పిలవకుండా చేసుకున్న రాజీ ఆమెను కట్టివేయదు, నాలుగేళ్ల తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. అప్పీలు లేదు కాబట్టి సంతకం పెట్టేముందు ప్రతి సర్వే నంబరూ, ప్రతి అంకే చదువుకోండి.

రాజీ మాటలు నడుస్తున్నాయని గడువు ఆగదు. డిక్లరేషన్ దావాకు సాధారణంగా మూడేళ్లు, పత్రం రద్దుకు ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మూడేళ్లు, హక్కును బట్టి స్వాధీనం కోరే దావాకు పన్నెండేళ్లు. ఉమ్మడి ఆస్తి నుంచి వెళ్లగొట్టినవారికీ పన్నెండేళ్లే. రాజీ సాగుతున్నా తేదీ దగ్గరపడితే దావా వేసి పెట్టండి, రాజీ అందులోనే రాసుకోవచ్చు. దావా నడుస్తుండగా ఆస్తి అమ్మితే కొన్నవారికీ ఆ తీర్పు వర్తిస్తుంది. అయినా అమ్మకుండా ఇంజంక్షన్ అడగడం మంచిది, కొత్త మనిషి వస్తే కేసు ఇంకా సాగుతుంది.

లాయరు దగ్గరికి వెళ్లేముందు మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), పాత పత్రాల సర్టిఫైడ్ కాపీలు, వచ్చిన ప్రతి నోటీసూ దాని కవరుతో సహా పట్టుకెళ్లండి. కవరు మీద తేదీ గడువు లెక్కకు అవసరమవుతుంది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, కాబట్టి రెవెన్యూ ఆఫీసు ఎక్కడో, కోర్టు ఎక్కడో విడివిడిగా అడిగి తెలుసుకోండి. లాయరు ఫీజు భారమైతే చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలోగానీ తిరుపతి కోర్టు ఆవరణలోని కమిటీలోగానీ అర్జీ ఇవ్వవచ్చు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.